వేతనజీవికి దొరికిన సాయమెవరిది?

నెల మొదటి తేదీని నమ్ముకొని బ్రదుకు సంసారములు మన పట్టణములలో లక్షలకొలది గలవు. ఇంటి అద్దె, పాలవాని లెక్క, కిరాణాకొట్టు ఖాతా, పిల్లల బడి ఫీజు, బ్యాంకు వాయిదా — ఇవి యన్నియు ఆ యొక్క తేదీ చుట్టును తిరుగుచుండును. రైతు వానకై ఆకాశము వంక చూచినట్లు గుమాస్తా ఆ తేదీ వంక చూచును. అయినను వాన కురియక పోవచ్చునని రైతు ఎరుగును. అందుచేత గాదెలో కొంత గింజ దాచుకొనును. జీతము రాకపోవచ్చునన్న తలంపు గుమాస్తాకు 2020వ సంవత్సరము మార్చి నెల వరకును కలుగలేదు. ఆ నెలలో కలిగినది.

కరోనా మహమ్మారి వచ్చి కొన్ని యేండ్లు గడచినవి. ముఖములకు కట్టుకొన్న ముసుగులు తీసివేసితిమి. దుకాణములు తెరచితిమి. పెండ్లిండ్లకు మునుపటివలెనే వందలకొలది జనమును పిలుచుచున్నాము. మృతుల లెక్కను గూర్చి చర్చలు జరిగినవి. ఆసుపత్రుల కొరతను గూర్చి చర్చలు జరిగినవి. కాని వేతనజీవి ఇంటిలెక్కకు తగిలిన దెబ్బను గూర్చి నిదానముగా కూర్చుండి విచారించినవారు తక్కువ. నేడు మేము విచారింపదలచిన ప్రశ్న యొక్కటే. ఆ యాపత్కాలమున వేతనజీవికి సాయమన్న పేర దొరికినది ఎవరి సొమ్ము?

మొదట జరిగినదానిని జ్ఞాపకము చేసికొందము. 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతయు లాక్‌డౌనులో పడినది. నాలుగు దినములు గడచిన పిమ్మట, అనగా మార్చి 29వ తేదీని, కేంద్ర హోమ్ మంత్రిత్వశాఖ వారు ఒక యుత్తర్వు చేసిరి. మూతబడిన కాలమునకు సైతము యజమానులు కోత లేకుండ జీతములు చెల్లింపవలెనని దాని సారాంశము. వినుటకు ఎంత ఇంపైన మాట! కాని ఆ చెల్లింపునకు ప్రభుత్వము తన బొక్కసమునుండి ఒక్క రూపాయి యైనను జోడింపలేదు. మే 18వ తేదీనుండి ఆ యుత్తర్వే రద్దైనది. యజమానులు సుప్రీము కోర్టునకు పోయిరి. జూన్ 12వ తేదీని న్యాయస్థానము వారు, చెల్లింపని యజమానులపై బలవంతపు చర్యలు తీసికొనవలదనియు, ఉభయులును కూర్చుండి రాజీకి రావలసినదనియు చెప్పిరి. రాజీ యనునది సమానుల నడుమ జరుగవలసిన కార్యము. ఉద్యోగము ఎప్పుడు ఊడునోయని వణకుచున్న గుమాస్తాకును, వానిని తీసివేయు అధికారము గల యజమానికిని నడుమ జరుగు రాజీ ఎట్లుండునో పాఠకులే యూహింపగలరు.

ప్రభుత్వోద్యోగి మాత్రము సురక్షితుడని లోకుల నమ్మకము. ఆ నమ్మకమును మన రెండు తెలుగు ప్రభుత్వములే మొదట సడలించినవి. 2020 మార్చి నెలాఖరున తెలంగాణ ప్రభుత్వమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును ఒకరి వెనుక నొకరు ఉద్యోగుల జీతములలో సగము నిలిపివేయుటకు ఉత్తర్వులు చేసినవి. కడపటి తరగతి ఉద్యోగులకు సైతము నూటికి 10 వంతులు ఆపిరి. పింఛనుదారులను విడువలేదు. దీనికి కోత యని పేరు పెట్టలేదు, వాయిదా యన్నారు. కాని మందుల దుకాణమువాడు వాయిదాకు ఒప్పుకొనునా? ఇంటి యజమాని ఒప్పుకొనునా? ఆంధ్రప్రదేశ్‌లో విశ్రాంతురాలైన ఒక జిల్లా న్యాయమూర్తి హైకోర్టునకు పోగా, నిలిపిన సొమ్మును నూటికి 12 వంతుల వడ్డీతో చెల్లింపవలెనని 2020 ఆగస్టులో తీర్పు వచ్చినది. 2021 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టు వడ్డీని నూటికి 6 వంతులకు తగ్గించినది గాని, చేసిన పనికి జీతము ఉద్యోగికి న్యాయముగా రావలసిన హక్కు అను మూలసూత్రమును నిలిపినది. తెలంగాణ ప్రభుత్వము మాత్రము 2020 జూన్‌లో ఒక ఆర్డినెన్సునే తెచ్చి, విపత్తుల వేళ జీతములో సగము వరకు ఆపుటకు తనకు అధికారము కల్పించుకొన్నది. ఒక ప్రభుత్వమునకు హక్కును గూర్చి న్యాయస్థానము చెప్పవలసి వచ్చినది. రెండవ ప్రభుత్వము ఆ హక్కునకే చట్టముతో కత్తెర పెట్టినది.

కేంద్ర ప్రభుత్వము జీతమును ఆపలేదు. కరవుభత్యము పెంపును ఆపినది. 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి — ఈ మూడు వాయిదాలను స్తంభింపజేసి, 2021 జూలై 1వ తేదీనుండి భత్యమును నూటికి 17 వంతులనుండి 28 వంతులకు ఒక్కసారిగా పెంచినది. నడుమ గడచిన 18 నెలల బకాయిని ఇయ్యలేదు. మూలవేతనము 30,000 రూపాయలు గల ఉద్యోగికి లెక్క వేసి చూతము. మొదటి ఆరు నెలలు నూటికి 4, తరువాతి ఆరు నెలలు 7, కడపటి ఆరు నెలలు 11 చొప్పున అతడు పోగొట్టుకొన్న మొత్తము 39,600 రూపాయలు. అనగా ఒక నెల మూలవేతనమునకు మించినది. ధరలు పెరిగినందున ఇయ్యవలసిన భత్యమును ధరలు పెరిగిన కాలముననే ఆపుట, దాహము వేసినవానిని వేసవి పోవువరకు ఆగుమనుట వంటిది.

ఇక ప్రైవేటు బడిపంతులు సంగతి. బడి మూతపడగానే ఫీజులు ఆగినవి. ఫీజులు ఆగగానే జీతములు ఆగినవి. పాఠములు చెప్పిన నోటితోనే కూరగాయలు కేకవేసి యమ్ముకొన్న ఉపాధ్యాయులను మన ఊళ్లయందు జనులు చూచిరి. బ్రతుకుతెరువునకు చేయు ఏ పనియు నీచము గాదు. కాని చదివిన చదువును, చేసిన సేవయు ఒక్క నెల జీతమునకైనను పూచీ కాలేకపోవుట జాతికి సిగ్గు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకును సిబ్బందికిని నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు నిశ్చయించినది. మేలే. దానిని మేము తక్కువ చేయము. కాని అది మూత పడిన ఏడాది తరువాత వచ్చినది; హక్కుగా గాక, దయగా వచ్చినది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. సాయమని ప్రకటింపబడినవి ఏవి? ముఖ్యముగా మూడు.

మొదటిది, ప్రావిడెంటు ఫండునుండి సొమ్ము తీసికొను సదుపాయము. మూడు నెలల మూలవేతనమును కరవుభత్యమును కలిపిన మొత్తము, లేక ఖాతాలో నున్న సొమ్మున నూటికి 75 వంతులు, వీనిలో ఏది తక్కువయో దానిని తీసికొనవచ్చునని 2020 మార్చి 28వ తేదీని ప్రకటించిరి. తిరిగి కట్టనక్కరలేదు. ఎవరి ఫండు అది? వేతనజీవిది. ముసలితనమునకై దాచుకొన్న విత్తనపుగింజ. ఆకలి వేళ విత్తనములు వండుకొని తినుటకు అనుమతి యిచ్చినవారిని అన్నదాతలని పిలువవచ్చునా? 50,000 రూపాయలు ఫండులోనే యుండి ఏటికి నూటికి 8 వంతుల వడ్డీతో 20 ఏండ్లు పెరిగినచో రమారమి 2,33,000 రూపాయలగును. 2020లో తీసిన 50,000 రూపాయలు ఆ పూట పొయ్యిని వెలిగించినవి. 2040లో మాత్రము ముసలివాని చేతిలో 2,33,000 రూపాయలు లేకుండ జేయును. పైగా ఫండుపై వడ్డీయు 2019–20, 2020–21 సంవత్సరములలో నూటికి 8.5 వంతులుండగా, 2021–22లో 8.1 వంతులకు దిగినది. నలువది యేండ్లకు పైగా అంత తక్కువ వడ్డీ లేదు.

రెండవది, ఫండునకు కట్టు చందా తగ్గింపు. 2020 మే, జూన్, జూలై నెలలకు చాల సంస్థలలో నూటికి 12 వంతులనుండి 10 వంతులకు తగ్గించిరి. ఉద్యోగి చేతికి నెలకు కొంత యెక్కువ సొమ్ము వచ్చినమాట నిజమే. కాని యజమాని చందాయు తగ్గినదిగదా! ఒక జేబులోనిది తీసి రెండవ జేబులో వేసికొని, ఆ త్రోవలో యజమాని యిచ్చు భాగమును కొంత పోగొట్టుకొన్నట్లైనది.

మూడవది, బ్యాంకు అప్పుల వాయిదాల నిలుపుదల. దీనినే మారటోరియమనిరి. 2020 మార్చి 1వ తేదీనుండి మూడు నెలలు, పిదప మరి మూడు నెలలు, ఆగస్టు 31 వరకు వాయిదాలు కట్టకుండుటకు రిజర్వు బ్యాంకు వారు బ్యాంకులకు అనుమతి యిచ్చిరి. వాయిదా ఆగినది, వడ్డీ ఆగలేదు. ఇంటి యప్పు 20 లక్షలు, వడ్డీ నూటికి 8 వంతులు, గడువు 20 ఏండ్లు అనుకొందము. నెలకు వాయిదా 16,729 రూపాయలు. అప్పు తీసికొన్న క్రొత్తలోనే ఆరు నెలలు కట్టక యూరకున్నచో అసలుపై 81,345 రూపాయల వడ్డీ చేరును. వాయిదా మొత్తమును పెంచక గడువునే పొడిగించినచో 240 వాయిదాలతో తీరవలసిన అప్పునకు ఇంకను 26 వాయిదాలు ఎక్కువ కట్టవలసి వచ్చును. ఆరు నెలల విశ్రాంతికి రెండేండ్ల రెండు నెలల సేవ! వడ్డీపై వడ్డీ వేయరాదని కొందరు సుప్రీము కోర్టునకు పోయిరి. ప్రభుత్వము 2 కోట్ల లోపు అప్పులకు ఆ భేదమును తానే భరించినది. 2021 మార్చి 23వ తేదీని న్యాయస్థానము వారు ఏ అప్పుపైనను ఆ కాలమునకు చక్రవడ్డీ కూడదనిరి. మంచిదే. కాని పై లెక్కలో ఆ చక్రవడ్డీ భాగము 1,345 రూపాయలు మాత్రమే. మిగిలిన 80,000 రూపాయలు అప్పుపడినవాని నెత్తిమీదనే యున్నవి.

మూడింటిని కలిపి చూడుడు. ఒకటి గడచినకాలమున దాచుకొన్నది, ఒకటి రాబోవుకాలమునకు దాచుకొనవలసినది, ఒకటి రాబోవుకాలమున తీర్చవలసిన అప్పు. మూడును వేతనజీవివే. ఇతరుల చేతినుండి వానికి వచ్చినది అత్యల్పము. వాని ముసలితనమును వానికే అప్పిచ్చి, దానికి సాయమని పేరు పెట్టితిమి. మా యభియోగ మిదియే.

ఒక్క మినహాయింపును చెప్పకున్న అన్యాయము చేసినవార మగుదుము. ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ వారు పని పోయిన తమ చందాదారులకు సగటు దినవేతనములో నూటికి 25 వంతులుగా నున్న నిరుద్యోగ సహాయమును 50 వంతులకు పెంచి, 90 దినముల వరకు ఇచ్చుటకు నిశ్చయించిరి. 2020 మార్చి 24నుండి ఉద్యోగము పోయినవారికి అది వర్తించినది. ఇది నిజమైన సాయము, ఏలననగా అది చందాతో నడచు హక్కు. కాని ఆ బీమాలో చేరుటకు నాటి జీతపు పరిమితి 21,000 రూపాయలు. అంతకు మించిన జీతము గలవానికి ఆ తలుపు మూసియే యున్నది. అయిదు వేలు ఎక్కువ జీతము గలవాని పొయ్యి రాజుగారి పొయ్యి యని తలంచిరి కాబోలు!

ఇక వ్యాధి ఖర్చు. ప్రైవేటు ఆసుపత్రులు వసూలు చేయవలసిన రేట్లను తెలంగాణ ప్రభుత్వము 2020 జూన్‌లో నిర్ణయించినది. సామాన్య వార్డునకు దినమునకు 4,000 రూపాయలు, వెంటిలేటరు లేని ఐ.సి.యు.కు 7,500, వెంటిలేటరుతో 9,000. ఖరీదైన మందులు ఈ లెక్కలో చేరలేదు. 25,000 రూపాయల జీతగాడు తల్లినో తండ్రినో పది దినములు ఐ.సి.యు.లో ఉంచినచో, ప్రభుత్వము వారి రేటు ప్రకారమే 75,000 రూపాయలు. మూడు నెలల జీతము! 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ తాకిడి వచ్చినప్పుడు ఆ రేటునకు పడక దొరకుటయే భాగ్యమైనది. మధ్యతరగతి ఇండ్లలో బంగారము తాకట్టునకు పోయినది. కొందరి యాజమాన్యములు ఆరోగ్య బీమా ఇచ్చిన మాట సత్యము. అయితే ఉద్యోగముతో వచ్చిన బీమా ఉద్యోగముతోనే పోవును. గొడుగు ఎండలో నుండి, వానలో లాగివేయబడినట్లు!

దీనికంతకును విధియే కారణమనువారు గలరు. వారికి మేము ఒక పాత కథను జ్ఞాపకము చేయుదుము. 1917లో అహమదాబాదు నగరమున ప్లేగు చెలరేగినది. పనివాండ్రు పల్లెలకు పారిపోవుచుండగా, వారిని నిలుపుకొనుటకు మిల్లుల యజమానులు నేతపనివాండ్రకు ప్లేగు బోనసు ఇచ్చిరి. కొందరికది జీతములో నూటికి 70, 80 వంతుల వరకు ముట్టినది. ప్లేగు తగ్గగానే, 1918 ఆరంభమున, దానిని తీసివేయజూచిరి. అప్పటికి యుద్ధము వలన ధరలు మండుచున్నవి. పనివాండ్రు నూటికి 50 వంతులు కోరిరి. యజమానులు 20 ఇత్తుమనిరి. గాంధీగారు ఇరుపక్షముల లెక్కలు చూచి 35 న్యాయమనిరి. ఫిబ్రవరి 22న మిల్లులు మూతపడినవి. మార్చి 15న గాంధీగారు ఉపవాసము పూనిరి; మూడవ దినమున వివాదము మధ్యవర్తి చేతికి పోయినది; ఆ యేట ఆగస్టులో వచ్చిన తీర్పు 35 వంతులనే స్థిరపరచినది.

ఈ కథలో మనము గ్రహింపవలసినది యేమి? 1917లో మహమ్మారి వచ్చి జీతమును పెంచినది. 2020లో మహమ్మారి వచ్చి జీతమును తెంచినది. నాడు పనివాడు దొరకుట కష్టము. నేడు పని దొరకుట కష్టము. కనుక మహమ్మారిలో జీతము ఎంత యనునది జాలివలన తేలదు. ఎవరి యవసరము ఎవరికెంత యను బలాబలముల వలన తేలును. బలహీనుని పక్షమున నిలువవలసినది చట్టము. నాడు అహమదాబాదు పనివాండ్రకు చట్టము లేకున్నను ఐకమత్యముండెను; అనసూయా సారాభాయి వంటి నాయకురాలుండెను. 2020లో మన గుమాస్తాకు చట్టమును లేదు, సంఘమును లేదు. ఒంటరిగా ఇంటిలో కూర్చుండి, తన ఉద్యోగము పోయిన వార్తను తన టెలిఫోనులోనే చదువుకొన్నాడు.

పరదేశముల వంక ఒకసారి చూతము. అనుకరణ కొరకు గాదు, సాధ్యాసాధ్యములు తెలియుట కొరకు. పని లేక యింటనున్న ఉద్యోగులకు ఇంగ్లాండు ప్రభుత్వము 2020 మార్చినుండి జీతములో నూటికి 80 వంతులు, నెలకు 2,500 పౌనుల పరిమితితో, భరించినది. ఆ యేర్పాటు కొన్ని మార్పులతో 2021 సెప్టెంబరు వరకు నడచినది. జర్మనీలో పనిగంటలు తగ్గినప్పుడు ఉద్యోగి పోగొట్టుకొన్న నికరజీతములో నూటికి 60 వంతులు, బిడ్డలు గలవారికి 67 వంతులు ఇచ్చు నిధి మహమ్మారికి ఎంతో ముందునుండియే గలదు. యజమానులును ఉద్యోగులును కట్టిన చందాలతో అది నిండినది. కరవు వచ్చిన పిమ్మట త్రవ్వినది కాదు ఆ నుయ్యి.

మనది బీద దేశము, అంత ధనమెక్కడిదని ప్రశ్నించువారు గలరు. అది త్రోసివేయదగిన ప్రశ్న గాదు. 2020 ఏప్రిల్ మొదలు ప్రభుత్వము రేషను కార్డు గలవారికి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము ఉచితముగా ఇచ్చినది. మొదట ఆకలిగొన్నవానికి పెట్టుట ధర్మమే. వేతనజీవి తనకును ఉచితముగా పెట్టుమని కోరుటలేదు. చందా కట్టుదును, నిధి యేర్పరచుమని కోరుచున్నాడు. ఉద్యోగి జీతములో నూటికి ఒకటి, యజమాని ఒకటి, ప్రభుత్వము ఒకటి వేసినచో 25,000 రూపాయల జీతగాని పేర నెలకు 750 రూపాయలు చేరును. పదేండ్లకు, వడ్డీ లేకయే, 90,000 రూపాయలు. ఆరు నెలలు సగము జీతము ఇచ్చుటకు కావలసినది 75,000 రూపాయలు. అందరికిని ఒక్కసారి ఆపద రాదు గనుక ఉమ్మడి నిధి ఇంకను బలముగా నిలుచును. ఇది గొంతెమ్మ కోరికయా?

కావున మేము కోరునవి నాలుగు. జీతపు పరిమితితో పనిలేకుండ, ప్రైవేటు బడిపంతులు మొదలు పెద్ద కంపెనీ గుమాస్తా వరకు అందరికిని వర్తించు వేతనరక్షా నిధి నొకటి శాసనము ద్వారా స్థాపింపవలెను. విపత్తువేళ ప్రభుత్వమే అప్పు వాయిదాలు నిలిపినచో చిన్న ఇంటి యప్పులపై ఆ కాలపు వడ్డీలో కొంత భాగమును బ్యాంకులును ప్రభుత్వమును పంచుకొనవలెను. ప్రభుత్వములు జీతమును పింఛనును ఆపదలచినచో శాసనసభ యెదుట కారణము చెప్పి, చెల్లించు తేదీని వడ్డీని ముందుగానే ప్రకటింపవలెను. ఉద్యోగము పోయినను కనీసము ఆరు నెలలు ఆరోగ్య బీమా నిలుచునట్లు చేయవలెను.

ప్రభుత్వమునకు చెప్పినది చాలును. మన యింటికిని ఒక మాట చెప్పుకొనవలెను. మొదటి తేదీన వచ్చు జీతము శాశ్వతమని భ్రమించి, రాని జీతమును ముందుగానే వాయిదాల రూపమున ఖర్చు చేయుట మధ్యతరగతికి అలవాటైనది. పెండ్లికి అప్పు, బండికి అప్పు, టెలిఫోనుకు సైతము అప్పు! అప్పు లేనివాడే అధిక సంపన్నుడన్న పెద్దల మాటను పరిహసించితిమి. 2020లో ఆ మాటయే మనలను పరిహసించినది. ఆరు నెలల ఇంటిఖర్చునకు సరిపడు సొమ్మును వెంటనే తీసికొనదగిన ఖాతాలో ఉంచుట, ఉద్యోగముతో సంబంధము లేని ఆరోగ్య బీమాను కొనుట, జీతము, అప్పు, బీమా వివరములు భార్యాభర్తలిరువురకును తెలిసియుండుట — ఇవి ధనికుల విలాసములు గావు. ఇంటిపెద్ద ఆసుపత్రి పాలైనపుడు బీమా కాగితమెక్కడనున్నదో తెలియక వెదకులాడిన ఇండ్లెన్నియో! 10,000 జీతగాడు ఆరు నెలల ఖర్చు దాచలేడని మేమెరుగుదుము. అందుచేతనే ఉమ్మడి నిధి కావలెననుచున్నాము. దాచగలిగినవాడు దాచుకొనవలెను, దాచలేనివానికై అందరమును కలిసి దాచవలెను.

మహమ్మారి మరల రాదని ఎవరును పూచీ పడలేరు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి మనదేశమున కోటికి మించిన ప్రాణములను బలిగొన్నది. నూరేండ్లు గడచిన పిమ్మట కరోనా వచ్చినది. రాబోవునది నూరేండ్లు ఆగునని నమ్మి కూర్చుండువాడు వెఱ్ఱివాడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన యింటి ఆడవారు చెప్పుదురు. నేడు దీపమున్నది. మొదటి తేదీని జీతములు వచ్చుచున్నవి. ఈ వెలుతురులోనే నిధి యేర్పరచుమని ప్రతి ఉద్యోగసంఘమును, ప్రతి పట్టణపు పఠనమందిర సభయు తమ శాసనసభ్యులను నిలదీసి యడుగవలెను. మరల చీకటి కమ్మినపుడు, నీ ముసలితనమును నీవే తినుమని చెప్పు ప్రభుత్వము మనకు వలదు. అట్లు చెప్పించుకొను ప్రజలముగా మనమును ఉండరాదు.